పెదనాన్న ముక్కు, నా మీటరు

పోయిన నెలలో ఆటోనగర్‌లోని పాత షెడ్డు ఖాళీ చేశాను. స్థలం యజమాని మనవడు అక్కడ షోరూం కడతాడట, కట్టుకోనీ. రేకులూ బల్లలూ పాత ఇనుము వాళ్ళకి తోలేశాక, గోడ గూట్లో అట్టల వెనక నుంచి ఒక బిస్కెట్ల డబ్బా బయటపడింది. మూత తుప్పుపట్టి రాలేదు, స్క్రూడ్రైవర్ పెట్టి లేపాను. లోపల నూనెగుడ్డలో చుట్టిన ఆక్సిజన్ సెన్సర్ ఉంది. బొటనవేలంత సామాను. కారు పొగగొట్టంలో బిగిస్తే, ఇంజను వదిలే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి, పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో మీటరుకి చెబుతుంది. దీని మొనకి మాత్రం సున్నం రాసినట్టు తెల్లటి పొడి పట్టి ఉంది. ఆ గుడ్డ చుట్టింది నేనే, డబ్బా గూట్లో దాచిందీ నేనే. ఇరవై ఏళ్ళకి పైగా దాని సంగతి మర్చిపోయానని నాకు నేను చెప్పుకుంటూ తిరిగాను. నిజంగా మర్చిపోయినవాడికి అలా చెప్పుకోవాల్సిన అవసరం ఏముంటుంది?

ఆ షెడ్డు మా పెదనాన్నది. ఆయన కార్బురేటర్ మెకానిక్. కార్బురేటర్ అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు, ఇంజనులోకి వెళ్ళే గాలిలో పెట్రోలు కలిపే సామాను అది. ఎంత గాలికి ఎంత పెట్రోలు అన్నదే ఆ విద్య మొత్తం. పెట్రోలు వెళ్ళడానికి సన్నటి చిల్లున్న ఇత్తడి మర ఒకటి ఉంటుంది, దాన్ని జెట్టు అంటాం. పెద్ద జెట్టు వేస్తే పెట్రోలు ఎక్కువ వెళుతుంది, చిన్నది వేస్తే తక్కువ. ఎక్కువైతే నల్లపొగ, దండగ. తక్కువైతే ఇంజను లోపల వేడి పెరిగిపోయి పిస్టనే కరుగుతుంది. ఇది కనిపెట్టడానికి అందరూ ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పి, దాని మొన రంగు చూసేవాళ్ళు. నల్లగా మసిపట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ, బిస్కెట్ రంగులో ఉంటే సరిపోయినట్టు. పెదనాన్నకి అంతదాకా అక్కర్లేదు. సైలెన్సర్ వెనక గొంతుక్కూర్చుని, అరచేత్తో పొగని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు మూసుకుని చెప్పేసేవారు. ఆయన మాటలన్నీ వంటింటి మాటలే. పెట్రోలు తక్కువైతే "ఆకలిగా ఉంది" అనేవారు. ఎక్కువైతే "అజీర్తి చేసింది" అనేవారు. సరిపోతే ఏమీ అనేవారు కాదు, లేచి పంచె దులుపుకునేవారు. తరవాత ఎవరైనా అనుమానంకొద్దీ ప్లగ్గు విప్పి చూస్తే అది బిస్కెట్ రంగులోనే ఉండేది. ఉయ్యూరు నుంచి, గుడివాడ నుంచి కార్లవాళ్ళు వచ్చి ఆయన ఖాళీ అయ్యేదాకా టీ కొట్టు దగ్గర కూర్చునేవాళ్ళు.

నేను పాలిటెక్నిక్ చదువుకోసం హనుమాన్ జంక్షన్ నుంచి బెజవాడ వచ్చి, పటమటలో వాళ్ళింట్లోనే ఉండిపోయాను. మా నాన్నకి జంక్షన్లో లారీ టైర్ల పంక్చర్ షాపు. మా ఇల్లంతా రబ్బరు వాసన, అన్నంలో కూడా అదే. అలాంటి ఇంట్లోంచి వచ్చినవాడికి పెదనాన్న ఇల్లు వింతగా తోచింది. ఆ ఇంట్లో ఏ వాసనా ఉండేది కాదు. కొన్నాళ్ళకి గాని అర్థం కాలేదు, ఆ ఇల్లు నడిచేదంతా పెదనాన్న ముక్కు చుట్టూనే అని. దేవుడి దగ్గర దీపమే, అగరొత్తులు లేవు. ఆయన సబ్బు ముట్టరు, శెనగపిండితో రుద్దుకుంటారు. తలకి నూనె ఆదివారం ఒక్కరోజే, ఆ రోజు షెడ్డుకి సెలవు. పొద్దున్న పెరుగన్నం తిని బయలుదేరతారు, కాఫీ మొదటి బండి చూశాకే. ఆయన సైకిలు వీధి మలుపు తిరిగేదాకా పెద్దమ్మ తాలింపు గిన్నె పొయ్యి మీద పెట్టదు. పెట్టినా, అందులో ఇంగువ వెయ్యదు. ఇంగువ వాసన చేతికి పట్టిందంటే రెండు రోజులు వదలదని ఆవిడ భయం. ఇంగువ లేని పప్పుచారు నాకు గొంతు దిగేది కాదు. మొదట్లో సణిగితే, "మీ అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు కడుపారా తినిరా" అనేది.

అన్నిటికన్నా పూల సంగతి చెప్పాలి. ఎండాకాలం సాయంత్రమయ్యేసరికి బెజవాడలో మల్లెపూల బుట్ట రాని వీధి ఉండదు. పెద్దమ్మకి మల్లెలంటే ప్రాణం. పుట్టింట్లో పెరడంతా మల్లెపొదలేనట, పొద్దుగూకేవేళకి ఆడపిల్లలంతా కూర్చుని మాల కట్టేవాళ్ళట. అలాంటి మనిషి పెళ్ళయిన దగ్గర్నుంచీ కనకాంబరాలే పెట్టుకుంది, వాటికి వాసన ఉండదు గనక. పూలమ్మే ఆవిడ అరుగు మీద బుట్ట దింపగానే పెద్దమ్మ తడిగుడ్డ తొలగించి మల్లెల్ని ఒకసారి వేళ్ళతో తడిమేది. తరవాత, "కనకాంబరాలు మూరెడివ్వమ్మా" అనేది. నేనొకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఒక్కరోజు పెట్టుకుంటే ఏమవుతుంది పెద్దమ్మా? పెదనాన్న ఏమైనా అంటారా?"

"ఆయన ఎప్పుడూ వద్దనలేదురా. నేనే పెట్టుకోను. మనకి అన్నం పెట్టేది ఆ ముక్కే గదా. దాన్ని ఎందుకు కష్టపెట్టడం?"

చదువైపోయాక కొన్ని నెలలు చెన్నైలో శిక్షణకి వెళ్ళాను. అక్కడే మొదటిసారి ఈ సెన్సర్నీ, దాని అంకెలు చూపించే మీటర్నీ చూశాను. వచ్చేటప్పుడు ఒకటి తెచ్చుకున్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, షెడ్డుకి వచ్చిన ప్రతి కారుకీ దాన్ని తగిలించడమే. పెదనాన్న చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, లోపల్లోపల చిన్నబుచ్చుకుంటే బాగుండుననే అనుకున్నాను. ఆయనకి అలాంటిదేమీ లేదు. ముక్కుపొడుం డబ్బీని చూసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదీ నాలాగే వాసన చూస్తుందా? అయితే నువ్వు అంకె నాకు చూపించకు. నేను చెప్పాక చూద్దాం" అన్నారు. వరసగా వచ్చిన బళ్ళన్నిటికీ అలాగే చేశాం. ఆయన ఆకలి అన్నప్పుడల్లా మీటరు పెట్రోలు తక్కువంది. ఆయన అజీర్తి అంటే మీటరూ అదే అంది. ఒక్కటీ తప్పలేదు. ఆయన సంబరం చూడాలి. సాయంత్రం ఇంటికి రాగానే, "ఏమేవ్, నాకో తమ్ముడు దొరికాడు. మేమిద్దరం ఒకటే మాట" అని పెద్దమ్మకి చెప్పారు. ఆ దసరాకి పనిముట్లతోపాటు మీటరుకీ ఆయనే స్వయంగా పసుపు, కుంకుమ పెట్టారు. ఆయన దాన్ని శత్రువుగా చూసి ఉంటే నాకు ఇవాళ ఇంత బాధ ఉండేది కాదు.

మరుసటి ఎండాకాలంలో రవి వచ్చాడు. ఉయ్యూరు దగ్గర చెరకు రైతుల బిడ్డ, నా ఈడువాడే. పాత కారు ఒకటి కొని, రేసులో పరిగెత్తించడానికి దానికి నైట్రస్ పెట్టించమన్నాడు. నైట్రస్ అంటే సిలిండర్లో నింపిన ఒక వాయువు. ఇంజనులోకి వదిలితే లోపల ఆక్సిజన్ పెరిగి మంట ఒక్కసారిగా లేస్తుంది. పెద్దమ్మ గొట్టంతో పొయ్యి ఊదినట్టన్నమాట. అయితే ఊదినకొద్దీ కట్టెలు కూడా ఎగదోయాలి. నైట్రస్ వదిలి పెట్రోలు సరిపడా ఇవ్వకపోతే ఆ మంట ఇంజనునే తింటుంది. బెజవాడలో అప్పటికి ఆ పని చేసినవాళ్ళెవరూ నాకు తెలియదు. నేను చేస్తే నా పేరు మోగిపోతుంది. అప్పటిదాకా షెడ్డులో నన్ను అందరూ పిలిచేది "ముక్కుగారి అబ్బాయి" అని. ఆ పిలుపంటే నాకు ఒళ్ళుమంట.

ఇంజను విప్పి మళ్ళీ బిగించేటప్పుడు మూతల సందుల్లో ప్యాకింగు వెయ్యాలి. పెదనాన్న కార్కు షీటు మీద సుత్తితో తట్టి, అచ్చు తీసి, కత్తిరించి వేసేవారు. ఒక్కొక్కదానికి పూటంతా పట్టేది. ఆటోనగర్లో మిగతావాళ్ళంతా అప్పటికే ట్యూబులో వచ్చే సిలికాన్ పేస్టుకి దిగిపోయారు. టూత్‌పేస్టులా నొక్కి రాయడం, బిగించడం, అంతే. అది ఆరేదాకా పులిసిన వాసన వస్తుంది, అందుకే ఆయన మా షెడ్డులోకి రానివ్వలేదు. నాకు తొందర. ఆయన భోజనానికి వెళ్ళిన వేళ చూసి, ఒక ట్యూబంతా ఇంజను సందులకీ పొగగొట్టం అతుకులకీ పులిమేశాను. ఆయన తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగారు.

"ఏంట్రా శేషూ, పులిసిన వాసన?"

"ఏమీ లేదే పెదనాన్నా. నాకేం రావట్లేదు. మీకే అనిపిస్తోంది."

ఆయన ఇంకోసారి గాలి పీల్చి, నా మొహం చూసి, "అయితే అయ్యుంటుంది" అని లోపలికి వచ్చారు. ఆయన ముక్కు మీద నేను వేసిన మొదటి దెబ్బ అదే. అప్పటికి నాకది దెబ్బ అని కూడా తోచలేదు, గండం గడిచిందనుకున్నాను.

పరీక్షకి రవి వాళ్ళ పొలాల మధ్య తిన్నటి రోడ్డు ఉంది. చెరకు కొట్టేసిన రోజులు గనక బళ్ళ రాకపోకలు లేవు. పొద్దున్నే వెళ్ళాం. రవి బంధువులు, ఆటోనగర్ నుంచి సరదాకొద్దీ వచ్చిన మెకానిక్కులు గట్టు మీద నిలబడ్డారు. మొదటిసారి నైట్రస్ లేకుండా నడిపించి తెచ్చాం. పెదనాన్న సైలెన్సర్ వెనక కూర్చున్నారు. నేను మీటరు చూశాను. పెట్రోలు చాలా ఎక్కువ చూపిస్తోంది.

"ఆకలిగా ఉందిరా" అన్నారు ఆయన.

"లేదు పెదనాన్నా. ఎక్కువైందంటోంది. జెట్టు తగ్గించాలి."

"తగ్గించకు. అసలే గ్యాసు వదులుతానంటున్నావు. ఒక్క ప్లగ్గు తీసి చూడు, సరిపోతుంది."

"మీటరుండగా ప్లగ్గులెందుకు?"

రవి మధ్యలో వచ్చాడు. "మీటరు అబద్ధం చెప్పదు కదండీ" అన్నాడు, మర్యాదగానే. గట్టు మీద ఎవరో నవ్వారు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. జెట్టు తగ్గించి ఇంకోసారి నడిపించాను. పెదనాన్న మళ్ళీ వాసన చూసి ఈసారి గట్టిగానే అన్నారు, "నా మాట విను. దీని కడుపు మాడిపోతోంది. పెద్ద జెట్టు వెయ్యి, లేకపోతే ఇంజను దక్కదు." అందరి ముందూ అన్నారు. వాదించి లాభం లేదని, "సరే పెదనాన్నా, మీ మాటే" అన్నాను. బానెట్ కింద తల పెట్టి, స్పానరు చప్పుడు చేసి, ఏమీ మార్చకుండానే మూత వేశాను. "వేశాను. మీరు చెప్పిన పెద్దదే" అని అందరికీ వినపడేలా చెప్పాను. ఇంజను స్టార్ట్ చేస్తే ఆయన మళ్ళీ వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. ఈసారి చాలాసేపు కూర్చున్నారు.

"ఇంకా ఆకలి వాసనే వస్తోందిరా" అన్నారు నెమ్మదిగా.

"అంత పెద్ద జెట్టు వేశాక కూడా ఆకలేంటి పెదనాన్నా?"

ఆయన అరచెయ్యి మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తీసేశారు. పంచెకి తుడుచుకున్నారు. "సరే, వెళ్ళనివ్వు" అన్నారు.

రవి నైట్రస్ బటన్ నొక్కాక కారు సగం రోడ్డు దాకా బాణంలా వెళ్ళింది. అక్కడ ఠప్పుమని శబ్దం, తెల్లటి పొగ. కారు తనంతట తానే ఆగింది. రవికి ఏమీ కాలేదు, అదొక్కటే అదృష్టం. బండిని ట్రాక్టరుకి కట్టి షెడ్డుకి తెచ్చాం. మర్నాడు ఆయన రాకముందే వెళ్ళి ఇంజను విప్పాను. పిస్టను నడిమధ్య కరిగి చిల్లు పడి ఉంది. ప్లగ్గులు ముగ్గులా తెల్లగా ఉన్నాయి. పెట్రోలు చాలకే కాలిపోయింది. పెదనాన్న చెప్పింది అక్షరాలా నిజం. మీటరు ఎందుకు అబద్ధం చెప్పిందో అప్పటికి నాకు తెలియదు గానీ, తప్పు నాదని మాత్రం తెలిసింది. చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధమాడను. కానీ చెబితే జెట్టు మార్చలేదన్న సంగతీ చెప్పాలి. రవి వస్తాడు, ఆటోనగరంతా వస్తుంది. నా మొదటి పెద్ద పని ఇలా అయిందని బతికినన్నాళ్ళూ చెప్పుకుంటారు. ఆ పిస్టన్నీ ప్లగ్గుల్నీ గోనెసంచిలో చుట్టి బల్ల కిందకి తోశాను. వేరే బండిలోంచి తీసిన, మసిపట్టిన నల్ల ప్లగ్గులు నాలుగు తెచ్చి ఇంజను పక్కన పెట్టాను.

ఆయన వచ్చి, "ఏమైందట?" అని అడిగారు.

"పెట్రోలు మరీ ఎక్కువైపోయింది పెదనాన్నా. పిస్టను ఆడే బోరులో ఆయిలంతా కడిగేసింది. పిస్టను పట్టేసింది."

ఆయన ఒక నల్ల ప్లగ్గు తీసి వెలుగులో తిప్పి చూశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. మళ్ళీ చూశారు. "నాకు ఆకలి వాసనే వచ్చిందిరా. ఒట్టు. కడుపు నిండినదాన్ని పట్టుకుని ఆకలి అన్నానా?" అన్నారు. నేను తల వంచుకుని నట్లు కడుగుతూ ఉండిపోయాను. ఆయన ప్లగ్గుని బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు, "పాపం ఆ కుర్రాడి బండి" అన్నారు. తరవాత రవి వస్తే ఆయనే ఎదురువెళ్ళి, "తప్పు నాదే బాబూ. మావాడు వద్దంటూనే ఉన్నాడు, నేనే వినలేదు" అని చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. నా నోట్లో నాలుక ఉంది. అది కదల్లేదు.

ఆ మాట ఆటోనగరంతా పాకడానికి రెండు రోజులు కూడా పట్టలేదు. పెద్దాయన ముక్కు పోయిందట, మీటరు వద్దంటున్నా వినకుండా ఇంజను పోగొట్టాడట. జాలిగానే అనేవాళ్ళు. ఆయన సైలెన్సర్ వెనక కూర్చోవడం మానేశారు. బండి వస్తే నా పక్కన నిలబడి, "ఏమంటోంది?" అని మీటర్ని చూపించి అడిగేవారు. కొన్ని వారాలయ్యేసరికి మీటరు ఏ బండి పెట్టినా ఒకటే అంకె చూపించడం మొదలెట్టింది. సెన్సర్ని విప్పి గాలిలో పట్టుకున్నా అదే అంకె. మొన చూస్తే తెల్లటి పూత. చెన్నైలో నాకు నేర్పినాయనకి ఫోన్ చేశాను. అంతా విని ఆయన ఒక్కటే అడిగారు, "సిలికాన్ పేస్టు రాశావా?" అని. ఆ పేస్టు ఆవిరి ఇంజనులోకి చేరి, పొగతో కలిసి వచ్చి సెన్సర్ మొనకి పూతలా పట్టేస్తుందట. ఇక అది పెట్రోలు తక్కువున్నా ఎక్కువనే చెబుతుందట. మా షెడ్డులో నిజంగా పోయిన ముక్కు ఒక్కటే, అది నేను తెచ్చింది. పెదనాన్న ఆ పేస్టు వాసనని గుమ్మంలోనే పట్టుకున్నారు. ఏమీ లేదన్నాను. కొత్త సెన్సర్ తెప్పించి బిగించి, పాతదాన్ని నూనెగుడ్డలో చుట్టి బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. అప్పటికే కార్లవాళ్ళు నా పేరు చెప్పుకుని రావడం మొదలైంది. ఇంకొన్నాళ్ళు ఆగి చెబుదామనుకున్నాను. ఆ ఇంకొన్నాళ్ళు ఎప్పటికీ రాలేదు.

ఆయన షెడ్డు తాళాలు నాకిచ్చి ఇంటి పట్టునే ఉండిపోయారు. ఇంట్లో ఆయన చేసే ఒక పని నన్ను కాల్చుకు తినేది. పాలు విరిగాయేమో అన్న అనుమానం వస్తే గిన్నె తెచ్చి పెద్దమ్మ ముక్కు దగ్గర పెట్టేవారు. మామిడిపండు మాగిందో లేదో నన్ను చూడమనేవారు. అంతకుముందు వీధి చివర గంపలో ఉన్న పండు ఏ తోటదో ఇంట్లో కూర్చుని చెప్పిన మనిషి. వాసన రాక కాదని నాకు తెలుసు, వచ్చిన వాసనని నమ్మలేక. ఒకరోజు సాయంత్రం నేను షెడ్డు నుంచి వచ్చేసరికి ఇల్లు ఇల్లులా లేదు. వీధిలోకే ఇంగువ తాలింపు వాసన. పెద్దమ్మ పీట వేసి కంచం పెట్టింది. వంగి వడ్డిస్తుంటే జడలో మల్లెపూలు, రెండు మూరలు. పెదనాన్న ఎదురుగా కూర్చుని పప్పుచారు కలుపుకుంటున్నారు. ఏమీ అనలేదు. ఆ చారు ఎంత రుచిగా ఉందో నాకిప్పటికీ గుర్తుంది. రెండోసారి వేయించుకుని తిన్నాను. నా మొహం మండ.

ఆ తరవాత పద్నాలుగేళ్ళు ఉన్నారాయన. చివరి రోజుల్లో ఆసుపత్రిలో కూడా పక్కనే కూర్చున్నాను, చెప్పడానికి కావలసినంత తీరిక దొరికింది. చెప్పలేదు. ఇప్పుడు నాకు ఎనికేపాడు దగ్గర పెద్ద వర్క్‌షాపు. స్కూటర్లకి కూడా కంపెనీలోనే సెన్సర్లు బిగించి వస్తున్నాయి, పిల్లలు లాప్‌టాప్ పెట్టి పెట్రోలు లెక్క సరిచేస్తారు. చక్కగా చేస్తారు, వాళ్ళని అనడానికేమీ లేదు. బండి వెనక నిలబడినా పొగకి వాసనే ఉండదు. ఇంజను వాసన ఎలా ఉంటుందో వాళ్ళకి చెబుదామని ఒకటి రెండుసార్లు మొదలుపెట్టాను, నవ్వి ఊరుకున్నారు. ఒక్కటి మాత్రం నేర్పాను. సెన్సర్ ఒక మాట, మన కళ్ళూ చెవులూ ఒక మాట చెబితే ప్లగ్గు విప్పి చూడమంటాను. ఎందుకో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

డబ్బా దొరికిన మూడో రోజు సెన్సర్ని జేబులో వేసుకుని పటమట వెళ్ళాను. పెద్దమ్మ అదే ఇంట్లో ఉంటుంది, పక్క వాటాలో వాళ్ళమ్మాయి కుటుంబం. వంటింట్లో చింతపండు పిసుకుతోంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. గడప దగ్గర కూర్చుని మొదటి నుంచీ చెప్పాను, పేస్టు దగ్గర్నుంచి నల్ల ప్లగ్గుల దాకా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, అయినా చెప్పాను. ఆవిడ చింతపండు పిసుకుతూనే వింది. నేను సెన్సర్ తీసి చూపిస్తే ముట్టుకోలేదు.

"అంటే ఆయన ముక్కు బాగానే ఉందా?"

"బాగానే ఉంది పెద్దమ్మా. చివరిదాకా."

"ఈ మాట ఆయనకి చెప్పాల్సింది గదరా. నాకు చెప్పి ఏం లాభం?"

ఆవిడ చింతపండు పిప్పి తీసి పక్కన పడేసింది. నాతో కాకుండా గిన్నెతో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టింది.

"మల్లెపూలు మొదటిరోజు పెట్టుకున్నప్పుడు కావాలనే ఆయన పక్కన వచ్చి కూర్చున్నాను. తీసెయ్యమంటారేమో చూద్దామని. తీసెయ్యమంటే ఇంకా ఆశ ఉన్నట్టే గదా అనుకున్నాను. ఏమీ అనలేదు. నిజంగానే పోయింది కాబోలనుకుని రోజూ పెట్టుకున్నాను. పద్నాలుగేళ్ళు." చేతులు కడుక్కుంది. కొంగుకి తుడుచుకుంది. "తెలుస్తూనే ఉందన్నమాట ఆయనకి. మా ఆవిడ కూడా నా ముక్కు పోయిందనే అనుకుంటోంది, అని ఊరుకున్నారన్నమాట."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "భోంచేసి వెళ్ళు" అంది, ఎప్పటిలాగే. పొయ్యి మీద తాలింపు గిన్నె పెట్టి నూనె పోసింది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిరపకాయలు, కరివేపాకు. పోపులపెట్టెలో ఇంగువ డబ్బీ తీసి మూత తిప్పింది. ఒక్క క్షణం అలాగే చేతిలో పట్టుకుని నిలబడింది. మళ్ళీ మూత బిగించి లోపల పెట్టేసి, తాలింపుని చారులోకి ఒంపింది.